మొదటి బండి ఎక్కనివాళ్ళు

చియాతురాలో రాత్రిబడి ఏడింటికి.
కిటికీ చట్రాల నిండా మాంగనీసు దుమ్ము,
బల్ల మీద మోచెయ్యి ఆన్చితే
చొక్కాకి నల్లటి అచ్చు.

గురాందా టీచరు ప్రమేయం రాసి
విలువ ఎంతని అడగదు.
"లోపలికి రాకూడనివాళ్ళెవరు, ముందది చెప్పండి."

హారాన్ని సున్న చేసేవాడు రాకూడదు.
వర్గమూలం గడపలోకి
ఋణసంఖ్య రాకూడదు.
"ఋణమంటే అప్పేగా,
అయితే మా వీధంతా బయటే" అన్నాడు మిందియా వెనకబల్ల నుంచి.
రొట్టెలకొట్టు ఖాతా గుర్తొచ్చి ఇద్దరు నవ్వారు.
మిగిలినవాళ్ళు ప్రదేశం, అంది టీచరు. అంతే.

ఇక కూడిక.
రెండు ప్రమేయాల్ని కలపాలంటే
ఇద్దరూ ఉన్నచోటే కలపాలి,
ఒకరున్న చోట ఒకరు లేకపోతే మొత్తమే లేదు.
మిందియా పెన్సిలు ఆగింది.
అతనికి గనిలో రాత్రి షిఫ్టు, ఇల్లు చేరేసరికి ఆరున్నర.
లమారా బట్టీకి బయల్దేరేది ఏడుకి పది నిమిషాలుందనగా.
సాయంత్రాల్ని ఈ బడి మింగేసింది.
నోట్సు అంచున గీత గీశాడు,
గీత మీద ఇరవై నిమిషాలకి రంగు వేశాడు.
అందులో టీకే ఎనిమిది పోతాయి.

తర్వాత సంయుక్తం.
ఎక్స్‌లోంచి నాలుగు తీసి మూలం కట్టింది,
వచ్చినదాన్ని వర్గం చేసింది.
మూలం ఎగిరిపోయింది. బోర్డు మీద
ఎక్స్ మైనస్ నాలుగు,
అమాయకంగా, ఎవరినైనా రమ్మన్నట్టు.

"ఇప్పుడు ఒకటి వెయ్యొచ్చా?"
వెయ్యొచ్చు, అన్నారు అందరూ. మైనస్ మూడు వస్తుంది, అన్నారు.
టీచరు కిటికీ వైపు చూపించింది.
ఊళ్ళోంచి గట్టుకి ఒక తీగబండి,
గట్టు మీంచి గనికి ఇంకొకటి.
"మొదటి బండి ఎక్కనివాడు
రెండోదాంట్లో ఎలా కూర్చున్నాడు?"

సూత్రం కురచయ్యాక
పాత షరతు కనబడదు. పోదు కూడా.
పక్కన రాసుకోవాలి, చిన్న అక్షరాలతోనైనా:
ఎక్స్ నాలుగుకి తగ్గరాదు.

తొమ్మిదిన్నరకి బడి వదిలారు. గాలి లేచింది.
కింది స్టేషన్లో జుజునా
మొదటి బండిని గొలుసేసి కట్టి, చేతులు ఊపేసింది.
పైన, గట్టుకి ఆవల
రెండో బండి మాత్రం
దీపం వెలిగించుకుని వస్తూ పోతూ ఉంది,
ఖాళీగా, నిక్షేపంగా.

మిందియా దానికేసి చూసి గట్టిగా నవ్వాడు.
జుజునాకి అర్థం కాలేదు.
"ఏం లేదు, లెక్క సరిపోయింది" అన్నాడు,
నోట్సు చొక్కాలో దోపుకుని
మెట్ల వైపు తిరిగాడు.

అది ఇంకో ప్రమేయం.
హారం లేదు, మూలం లేదు.
మోకాళ్ళొక్కటే షరతు.
షిఫ్టుకి ఇరవై నిమిషాలుంది.