పలుపు

స్వనేతి కొండల్లో మా ఇంటికి
ఒక రాతి బురుజు అంటుకుని ఉంది.
ఐదు అంతస్తులు. కిటికీలు కావు, కన్నాలు:
తుపాకీ గొట్టం పట్టేంత, మొహం పట్టనంత.
మా తాతల తాతలు కట్టారు, పగవాళ్ళొస్తే
పైకెక్కి నిచ్చెన లాగేసుకోవడానికి.

పగవాళ్ళు రావడం ఎప్పుడో మానేశారు.
నిచ్చెన లాగేసుకోవడం నేను మానలేదు.

నా పేరు మరేఖి. డెబ్బై ఒకటి నిండాయి.
నాకు పందొమ్మిదప్పుడు మా అన్న బిముర్జాని
గడ్డి హద్దు కాడ కాల్చేశాడు
ఏటవతలి ఓటియా.
రెండు మోపుల గడ్డి. అంతే తగువు.
అన్న అంగీని అమ్మ ఎవర్నీ ఉతకనివ్వలేదు,
బురుజు పై అంతస్తులో మేకుకి తగిలించింది.
అమ్మ పోయాక దాని కాపలా నాకొచ్చింది.
ఏడాదికోసారి దులిపి, చిమట పట్టకుండా
మడతల్లో అక్రోటాకు పెట్టేదాన్ని.

చర్చికి పోయేదాన్ని, మైనపు ఒత్తులు వెలిగించేదాన్ని,
ఉపవాసం తప్పేదాన్ని కాదు.
పరలోకప్రార్థనలో, బాకీలు వదిలెయ్యడం గురించిన
ఆ మాట దగ్గర
దగ్గొచ్చేది.
యాభై రెండేళ్ళు. సరిగ్గా అక్కడే.
"మందు వాడమ్మా మరేఖీ" అన్నాడొకసారి ఫాదర్ సవ్లే.
నవ్వలేదు.

దెయ్యానికి కొమ్ములుంటాయనుకుంటారు.
నా దానికి లేవు. నా పక్కనే కూర్చుని రొట్టె తినేది.
"నువ్వూ మర్చిపోతే వాణ్ణి ఇంకెవరు తలుచుకుంటారే?" అనేది,
అచ్చం అమ్మ గొంతుతో.
అది ప్రేమే అనుకున్నాను.

మొన్న పెద్ద ఉపవాసాల ముందు
మూడు రోజులు ఆగకుండా మంచు.
మూడో రాత్రి కింద కొట్టంలో మూలుగు.
దీపం ఎత్తి చూస్తే ఆవు, దారి తప్పింది,
కుడి చెవికి చీలిక.
ఏటవతలి గుర్తు.
పొదుగు రాయై ఉంది.
తోలేద్దామని కర్ర కూడా తీశాను, అబద్ధమెందుకు.
అది తల తిప్పి చూసింది.
ఎవరి రక్తం ఎవరి బాకీయో పశువుకేం తెలుసు.
కూర్చుని పితికాను.
చేతులు వెచ్చబడ్డాయి. ఏడ్చానని చెప్పను,
ముక్కు కారింది, చలికి.

తెల్లారి తోలుకెళ్దామంటే పలుపు లేదు.
ఉన్న ఒక్కటీ పుచ్చి చేతిలో పొడైంది.
ఇల్లంతా వెతికి, నిచ్చెనెక్కి పైకి పోతే
మేకుకి ఒక్కటే ఉంది.
ఎంతసేపు నిలబడ్డానో,
కన్నంలోంచి పడిన ఎండ
గోడ మీద జానెడు జరిగింది.
ప్రభువా, అన్నాను. ఇంకేం తోచలేదు.
అంగీ చేతిని ఆవు మెడకి ముడేశాను.

ఓటియా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.
జైలు నుంచొచ్చి ముప్పై ఏళ్ళు,
కళ్ళు పోయి ఆరేళ్ళు.
మెడగంట చప్పుడుకి చేతులు చాపాడు.
మూతి తడిమాడు, మెడ తడిమాడు,
గుడ్డ తడిమాడు.
వేలు చిల్లులో దిగి
ఆగిపోయింది.

ఏటి హోరొక్కటే.

చాలాసేపటికి, "ఇది తంతుంది" అన్నాడు,
"నిన్నేమైనా తన్నిందా?"
"లేదు."
"మరేఖీ" అన్నాడు.
ఆ ఒడ్డున నా పేరు ఒకరి నోట పలకడం
ఆ పొద్దే.
అంగీ విప్పుకోలేదు నేను.
పలుపు లేకుండా గుడ్డివాడు ఆవునెలా కాస్తాడు?

బురుజు కూలలేదు. ఎక్కడి రాయి అక్కడే ఉంది.
కొన్ని రాత్రులు ఇంకా నిచ్చెన లాగేసుకుంటాను,
తెల్లారి సిగ్గుపడి దించుతాను.

ఆదివారం ప్రార్థనలో, ఆ మాట దగ్గర
గొంతు పట్టేసింది.
ఫాదర్ సవ్లే ఆగాడు.
వెనక ఎవరో పిల్లాడు కిసుక్కుమన్నాడు.
గుటక మింగి
అన్నాను.