ముందుగా ఒక పుల్ల

ఇరకం దీవిలో తెల్లారేసరికి
పోలయ్య వలలో చేపల కంటే చిల్లులెక్కువ.

మా ఎండ్రకాయది నాచురంగు వీపు,
చెయ్యి పెడితే బురదలోకి ఒదిగే సిగ్గు.
ఇది అట్టా కాదు.
వీపు నిండా ఎవరో కుంకం చిలకరించినట్టు చుక్కలు,
వెనక్కి జరగదు.
నలభై ఏళ్ళుగా బొరియలోకి మోచేతి దాకా దిగే
చెంగమ్మత్త చెయ్యి
మొన్న అంచులోనే ఆగింది.

"పేరేంది దీనికి?"
ఎవరికీ తెలీదు.
మద్రాసు రేవులో ఓడ కడుపు కడిగిన నీళ్ళతో దిగిందని ఒకరు,
తుపాను మోసుకొచ్చిందని ఒకరు.
సూళ్ళూరుపేటలో తూకం వేసే మస్తాను
"దీనికి రేటు లేదు" అని పక్కకి తోశాడు.
అది నడిచి నడిచి మళ్ళీ గంప దగ్గరికే వచ్చింది.

రాత్రి అత్త దాన్నే పులుసు పెట్టింది.
చింతపండు అదే, కారం అదే.
పెంకు రోకలిబండకి గానీ లొంగలేదు.
చాలాసేపు నమిలి,
"రుచుంది పాడుదానికి" అంది,
ఓడిపోయినట్టు.

పొద్దున మళ్ళీ పులికాట్ లో మోకాలిలోతు.
అదే బురద, అదే బొరియ.
చెయ్యి కంటే ముందు
ఒక పుల్లని లోపలికి పంపింది,
తన ఇంటి తలుపు
తనే తట్టినట్టు.