స్తంభం నంబరు నూట పద్నాలుగు

సెల్ఫ్ నొక్కితే దగ్గింది.
మల్ల నొక్కితే గొంతు సవరించుకున్నది.
మూడోసారి టిక్కుమని ఒక్క సప్పుడు,
గంతే.
షార్జా, పదో ఇండస్ట్రియల్ ఏరియా,
రాత్రి పదకొండు నలభై.
ఆగస్టు గాలి తడిబట్ట లెక్క మొఖానికి అతుక్కున్నది.

ఎనుక డబ్బాల రెండు మటన్ మందీలు, ఒక దాల్.
ఎవరో ఫరీదా మేడం, ఏడో అంతస్తు,
"బెల్లు కొట్టొద్దు, పాప పండుకున్నది" అని రాసింది.
ఆమె ఫోన్ల నేనొక చిన్న బండి బొమ్మను.
కదులుతలేను.

కిక్కు కొట్టిన.
పదకొండు దాకా లెక్కవెట్టిన, తర్వాత లెక్క తప్పింది.
బండిని తిట్టిన, మా ఊరి తిట్టే,
సమజయ్యేటోడు లేడు గద అని జర గట్టిగనే.

హెల్ప్‌లైన్ల అరబీకి ఒకటి, ఇంగ్లీషుకు రెండు, ఉర్దూకు మూడు.
మూడు నొక్కిన.
"యాడున్నవ్ భాయ్?"
టైర్ల దుకాణం ముంగట.
"ఏ టైర్ల దుకాణం?"
బందు జేసిన టైర్ల దుకాణం.
అవతల మనిషి ఆగిండు. నవ్విండో, నిట్టూర్చిండో.
ఇక్కడ అన్నీ టైర్ల దుకాణాలే, ఈ యాళ్లకు అన్నీ బందే.
"తలకాయ ఎత్తు. పక్కన కరెంటు స్తంభం ఉంటది.
దాని మీది నంబరు సదువు."
మూడేండ్ల సంది ఈ తొవ్వల తిరుగుతున్న,
స్తంభాలకు నంబర్లుంటయని తెల్వదు.
నూట పద్నాలుగు.
"ఆడనే ఉండు" అన్నడు,
నేనేదో ఎగిరిపోయెటట్టు.

గంట దాటినంక ఒంటికన్ను పికప్ ఒకటి వచ్చింది.
దిగినోడు బఖ్త్ జమీన్, స్వాత్ దిక్కు మనిషి,
గడ్డం సగం గోరింట, సగం గ్రీజు.
పేరుల అదృష్టం, భూమి రెండూ ఉన్నయట,
"పేరులనే" అని తనే నవ్విండు.
అప్పటికే ఫరీదా మేడం క్యాన్సిల్ కొట్టింది,
ఆమె తప్పేం లేదు, ఆకలైతది గద.
డెబ్బై రెండు దిర్హమ్‌లు నా లెక్కల పడ్డయి.

టార్చి పండ్ల నడుమ పెట్టుకొని
ప్లగ్గు ఇప్పిండు, ముక్కుకాడ పెట్టుకున్నడు.
పెట్రోల్ల నానింది. తుడిసి చూస్తే నిప్పు మంచిగనే ఉన్నది.
మరేంది? అంటే
టార్చితోనే ఏదో మూలిగిండు.
పక్క మూత ఊడదీసి
ఎయిర్ ఫిల్టర్ బయటికి గుంజి
ఫుట్‌పాత్ అంచుకు కొట్టిండు.

రాలింది.
మెత్తగ, పసుపు దంచినంక రోకలి దులిపినట్టు.
ఇంకోసారి కొట్టిండు, ఇంకా రాలింది.
అజ్మాన్‌ది కొంత, నహ్దాది కొంత,
మొన్నటి దుమ్ము తుఫానుది బాగ.
అంత ఎడారిని తొడల నడుమ పెట్టుకొని
తిరుగుతున్నట్టు నాకేం ఎరుక?
"ఇంజన్ మంచిదే, గాలి అందలే" అన్నడు.
టార్చి నా మొఖం మీద కొట్టి
"నువ్వు నీళ్లు ఎప్పుడు తాగినవ్?"

యాదికి రాలే.

సీటు కిందకెల్లి సీసా తీసిచ్చిండు,
డీజిల్ వాసన, ఎచ్చటి నీళ్లు.
మందీ డబ్బాలు రెండూ ఇప్పినం, స్తంభం కిందనే.
చల్లారి కొవ్వు పేరుకున్నది.
మూడేండ్లు ఈ వాసనను ఈపున మోసిన,
నోట్ల పెట్టుకునుడు ఇయ్యాలనే.
ఉప్పు తక్కువ.
గిదానికా నేను ఎర్ర లైట్లు దాటింది?
దాల్ మాత్రం ముడి ఇప్పనియ్యలే అతను.
రూముల ఒకాయన మాంసం తినడట,
పొద్దున దాకా మేలుకొనే ఉంటడట.

బ్యాటరీ దిగిపోయింది. రెండో గేర్ల పెట్టి
నేను ఎక్కిన, అతను తోసిండు,
యాభై ఏండ్ల మనిషి, చెప్పుల కాళ్లతోని ఉరుకుతున్నడు.
మూసిన షెట్టర్లన్ని గుడగుడలాడినయి.
ఎనుకకు మర్రి చూస్తే
నడుం మీద చెయ్యి, ఇంకో చెయ్యి పైకి.
ఆపితే మల్ల ఆగుతదేమోనని
ఆపలే.

కాయితం మీద సంతకం గూడ పెట్టలేదని
పండుకునే ముంగట యాదికొచ్చింది.

నిన్న మెట్‌పల్లి పిలగాడు అజయ్ ఫోన్ జేసిండు,
వచ్చి నెల గూడ గాలే.
"అన్నా, బండి ఆగింది."
యాడ?
"గిక్కడనే అన్నా,
ఒక టైర్ల దుకాణం ముంగట."