బదిలీ చీటీ

ముక్కుకి క్లిప్పు తగిలించి
అట్టగొట్టం పళ్ళ మధ్య పెట్టించి
"ఊదు తాతా, ఊదూదూదు, ఇంకా, ఇంకా" అని
రోజుకి ఇరవై మంది మీద కేకలేస్తాను.
విజయనగరం పెద్దాసుపత్రిలో
ఎక్స్‌రే గది పక్కన
నా ఉద్యోగం అదే.

మజ్జి గురువులు ఊదాడు.
తెర మీద గీత లేచినట్టే లేచి
నడుం విరిగి కూలబడింది.
మిషను కాగితం కక్కింది:
ప్రయత్నం చాలదు.

ముప్పై ఒక్క ఏళ్ళు నెల్లిమర్ల జూట్ మిల్లులో
నారధూళి మింగిన మనిషికి
ఆ ముక్క చదివి వినిపించలేదు.
మడిచి ఫైల్లో పెట్టేశాను.

"పీల్చడం పీల్చగల్నమ్మా,
ఒదల్డమే అవదు.
లోనికెల్లిన గాలి లోనే ఉండిపోద్ది.
లాస్టీకు పోయిన నిక్కరుంటాదే,
లాగితే వస్తాది, మల్లీ ఎనక్కెల్దు,
అలగయిపోనాది రొమ్ము."

ఈ ప్రశ్నకే
డిప్లొమాలో నాకు పదికి మూడొచ్చాయి.

వాన. తర్వాతి పేషెంటు రాలేదు.
డాక్టర్ హిమజ రాత్రి డ్యూటీలో చెప్పిందంతా
ఎందుకో అతని ముందు వల్లించాను:
సాగి, మళ్ళీ ముడుచుకునే పోగుల్ని
ఒళ్ళు ఒక్కసారే నేసుకుంటుందట.
తల్లి కడుపులో మొదలెట్టి
మీసం మొలిచేసరికి దాదాపు ముగించేసి,
ఆపైన బతుకంతా ఆ పాత నేతతోనే.
తెగితే సరిగ్గా అతికేవాళ్ళు లేరు.
నేత ఎలాగో రాసిన పేజీ మాత్రం
ప్రతి కణంలోనూ ఉంది,
ఆఫీసు బీరువాలో రిజిస్టరులా.
ఎవరూ తియ్యరు.
ఇప్పుడు ఆ ఒక్క పేజీకి నకలు రాసి
కొవ్వుబొట్టులో చుట్టి
కణం గుమ్మంలో దించి చూస్తున్నారట.
మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అంటారు దాన్ని.
కణం చదువుకుంటుంది, పోగు తీస్తుంది,
కాగితం చింపేస్తుంది.

గురువులు నవ్వాడు.
నవ్వు దగ్గయింది.
దగ్గు దిగడానికి చాలాసేపు పట్టింది.

"బదిలీ చీటీ అన్నమాట.
తెల్లారగట్ల గేటు కాడ నిలబడీవోల్లం.
ఎవుడు నాగా పెడితే ఆడి బదులు
టైంబాబు ఓ చీటీ రాసీవోడు.
ఆ పూటకే. కూతేస్తే చెల్లదు.
రిజిస్టర్ల మన పేరుండదు.
అయినా, నేసిన గోనె గోనే గదమ్మా."

కాసేపు వానని చూసి,
"నూనే నీల్లూ కలిపి కొట్టకపోతే
నార మెత్తబడదు. తొమ్మిదేల్లు అదే పని నాది.
మీ కొవ్వుబొట్టూ అలాటిదే కావాల.
సరే, పోగయితే తీస్తాది.
మగ్గం సంగతేటి?
పడుగు తెగిపోయిన మగ్గం మీద
పేకొక్కటీ ఏం సేసుకుంటాది?"

సాయంత్రం హిమజని అడిగాను.
టీ గ్లాసు కింద పెట్టింది.
"ఎవరడిగారు ఇది?"
చెప్పాను.
"అదే ఇంకా తేలలేదు," అంది.
"గాజుగిన్నెలో చర్మం ముక్క దాకా వచ్చారు.
ఊపిరితిత్తి చాలా దూరం."

నెల తిరిగాక మళ్ళీ వచ్చాడు,
బస్టాండు నుంచి మూడుచోట్ల ఆగి.
దూరం అన్న మాట
ఎలా చెప్పాలో తెలీక అలాగే చెప్పేశాను.
తలూపాడు, రేషను రాలేదంటే ఊపినట్టు.

"పని మానీసి ఏడేల్లు.
ఇప్పటికీ నాలుగింటికి మెలకువొచ్చెస్తాది.
కూత ఇనబడ్డట్టుంటాది.
లేచి, సొక్కా తొడుక్కుని,
అరుగు మీద కూకుంటాను."
"ఎందుకు తాతా?"
"ఊరికినే."

ముక్కుకి క్లిప్పు.
ఈసారి నేను కేకలెయ్యలేదు.
మెల్లగా, నాతోపాటే అన్నట్టు, "ఊదు" అన్నాను.
గీత లేచింది, విరిగింది, అదే చోట.
మిషను అదే అచ్చేసింది.

అడుగున టెక్నీషియన్ అభిప్రాయం అని
ఎప్పుడూ ఖాళీగా వదిలే గడి ఒకటుంది.
పెన్ను విదిల్చి రాశాను:
పేషెంటు ఉన్నదంతా ఊదాడు.

స్టాంపు వేశాను.
తర్వాతి పేరు పిలిచాను.