నాలుక మీద మొగ

బలుసుతిప్ప దాటి మొగ కనపడగానే
ఇంజను ఆపేసేది మా అప్పాయమ్మత్త.
అడుగున సీసం కట్టిన సీసా
మూడు బారల లోతుకి దింపి
బిరడా దారం చిన్నగా గుంజేది.
పైకి తీసి, ఆ నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి
గాలివాటున ఉమ్మేది.
"ఇంకా గోదారే. పద."

మరో పాతిక బారలు.
మళ్ళీ సీసా, మళ్ళీ పుక్కిలి.
"ఇదుగో, కలిసింది. లంగరెయ్."

వరద తీసిన కార్తీకం.
ఎర్రనీరు ఇటు, పచ్చనీరు అటు
మధ్యన నురుగు గీత
గీత మీద గుర్రపుడెక్క, తాటిబుర్ర, ఎవరిదో ఒంటి చెప్పు.
అదేగా కలిసే చోటు అంటే నవ్వేది.
"పైగీత అబద్ధాలాడుద్దిరా.
ఉప్పునీరు బరువు, అడుగునించి దొంగలా దూరుద్ది.
పండుగప్ప దాని మెడకాడ ఉంటది."

ఆవిడ పాఠాలన్నీ పని మధ్యలోనే, సగం సగం.
అష్టమి, నవమి చచ్చునీళ్ళు, ఇంటికాడ వల బాగుచేసుకో.
పున్నమికి నీళ్ళు పరిగెడతాయి, గేలం నిలవదు.
త్రయోదశి పాటు చూడు,
మడ వేళ్ళల్లోంచి రొయ్యపిల్ల జారి
కాలవ నోట పడే వేళ
చేప ఏటికెదురు తిరిగి ఊరికే నిలబడుద్ది,
రేషను షాపు ముందు మనలాగ.
రొయ్యని కొమ్ము కింద గుచ్చు, నల్లచుక్కకి తగలనీకు,
చచ్చిన ఎర పీతలకి.
ఈదరగాలి ముదిరితే మాత్రం
చేప ఉన్నా సరే, వెనక్కి.

పోయినేడు జ్వరం వచ్చి, పది రోజులకి తగ్గింది.
నాలుక మాత్రం తిరిగి రాలేదు.
చింతకాయ పచ్చడి, ఎండు సావడాయి, ఉప్పుకల్లు,
ఏది పెట్టినా
"గుడ్డ నమిలినట్టుంది" అని పళ్ళెం పక్కకి నెట్టేది.

ఆ వరదకే మొగ కూడా జరిగింది.
నా సెల్లులో చూస్తే
మా నావ ఇసకదిబ్బ నడినెత్తిన నిలబడుంది.
కింద నీళ్ళు మాత్రం కదులుతున్నాయి.
సీసా పైకి తీసి, నా చేతికిచ్చింది.
"చెప్పు."

"ఉప్పగుంది."

"ఎంత?"

ఉప్పు ఎంతో చెప్పడానికి నా దగ్గర మాటలేవి?
"చద్దన్నం నీళ్ళలాగ" అన్నాను.
"పైనే ఉన్నాం. పద."
ఇంకొంచెం దిగాక, "కొబ్బరినీళ్ళలో ఉప్పేసినట్టు."
పలకలేదు.
సముద్రపు కాకులు రెండు తలమీంచి పోయాయి.
మూడోసారి కళ్ళు మూసుకుని
"ఎండుచేప కడిగిన రెండో నీళ్ళు" అన్నాను.
మాట్లాడకుండా వంగి
తనే లంగరు దింపింది.

చూపుడువేలి మీద దారం.
అడుగునెవరో మూతితో ఒకసారి తాకారు.
"తొందరపడకు. మొదటిది పలకరింపు."
విన్నాను, అయినా చెయ్యి ఆగలేదు, గుంజాను.
ఖాళీ కొక్కెం ఎండలో తళుక్కుమంది.

తిడుతుందనుకున్నా.
బుట్టలో చెయ్యిపెట్టి ఇంకో రొయ్యని వెతుకుతూ
"నోరు కుదిరింది, వేలు కుదరాలి" అంది.
సీసాలో మిగిలిన నీళ్ళు
తన నోట్లో పోసుకుని, చాలాసేపు పుక్కిలించి,
అలవాటు కదా,
గాలివాటున ఉమ్మింది.