సీసం

లైప్‌జిగ్‌లో అచ్చుకూటం, మూడో అంతస్తు.
కిటికీ అద్దాల మీద ఫిబ్రవరి మంచు.
హిల్మార్ కొయ్య గళ్ళలోంచి
ఒక్కో గ్రీకు అక్షరం ఏరుతున్నాడు,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కాదు,
రాళ్ళలో బియ్యం ఏరినట్టు.
ఆ భాష అతనికి రాదు.
తలకిందులుగా ఆకారాలు గుర్తుపడతాడు, అంతే.

పుస్తకం పూనకం గురించి.
రాసినాయన తత్వశాస్త్రం చెప్పే ఆచార్యుడు.
ఒక్కసారి వచ్చాడు, చేతులకి ఉన్ని తొడుగులు,
బీరు ఇస్తామంటే వద్దని వేణ్ణీళ్ళడిగాడు.
ఆయన పేజీల్లో మాత్రం
అర్ధరాత్రి కొండ మీద
జుట్టు విరబోసుకున్న ఆడవాళ్ళు శివాలెత్తుతున్నారు.
పచ్చిమాంసం, ద్రాక్షసారా, తప్పెట్లు.
ఎవరి పేరు వాళ్ళకే గుర్తులేదు.

ప్రూఫు తిరిగొచ్చినప్పుడల్లా ఒక దిద్దుబాటు.
"పిచ్చి" కొట్టేసి "పరవశం".
"పరవశం" కొట్టేసి "సంకల్పం".
మూడోసారి, ఎర్రసిరాతో, "ఉనికి".
ఆ ఆడవాళ్ళు కొండ దిగి, కాళ్ళు కడుక్కుని
తరగతి గదిలో బెంచీల మీద సర్దుకు కూర్చున్నారు.

హిల్మార్ ఏమీ అనడు.
పంక్తి నిండితే చాలతనికి.
ఎప్సిలాన్లు మాత్రం అయిపోయాయి.
ఎక్‌స్టాసిస్,
తన నుంచి తాను బయట నిలబడటం,
అన్నిసార్లు వచ్చింది మరి.
అచ్చయిన పుట విప్పితే గాని
తర్వాతి పుట కూర్చలేడు.

ఎనభై ఏడో పుటలో ఉంది:
పసిదేవుడి చేతికి అద్దమిచ్చి
మొహం చూసుకుంటూ ఉండగా
టైటన్లు ముక్కలు చేశారని.
దాన్ని కూర్చిందీ హిల్మారే,
అద్దంలో బొమ్మలా, తిరగేసి.

సాయంత్రం తాడు విప్పి, తడిగుడ్డతో తుడిచి
ఆ పుటని విడదీస్తాడు.
దేవుడి కన్ను ఈ గడిలోకి,
మోకాలు ఆ గడిలోకి.
టక్. టక్.
పొద్దున్నే అవే ముక్కలతో
రైళ్ళ వేళలు, ఎవరిదో శుభలేఖ,
ఇంకో మూడు పుటల ఉనికి.

మా భాషలో సీసమంటే పద్యం కూడా.
హిల్మార్‌కి అది వేళ్ళు వదలని నలుపు,
చిగుళ్ళ మీద నీలిగీత,
రాత్రుళ్ళు కడుపులో మెలి.

"చెయ్యి వణుకుతోంది, తాగొచ్చావా?"
ఎడెల్ట్రౌట్ అడుగుతుంది.
లేదంటాడు.
సూపు గిన్నె ముందు కూర్చునే
కాస్త బయట నిలబడి
చెంచా పట్టుకున్న ఆ చేతిని
ఎవరిదో అన్నట్టు చూస్తాడు.