మొదటి వద్దు

కాజీపేట లోకో షెడ్డు ఆఫీసుల
చేరి మూడు రోజులు.
ఒంటిగంటకు లిన్సీ మేడం నా టేబుల్ కాడ ఆగింది:
"వుడ్ యూ లైక్ టు జాయిన్ అజ్ ఫర్ లంచ్?"

"నో, థాంక్యూ" అన్న.
మా ధర్మసాగర్‌ల అది మొదటి వద్దు.
ఇంక రెండు వద్దులుంటయి,
ఆ తర్వాత ఎవరో ఒకరు రెక్క వట్టి గుంజుతరు,
కంచంల అన్నం పడ్డంక గూడ
"సాలు సాలు" అనాలె.

కుర్చీల సగం లేచే ఉన్న.

"నో ప్రాబ్లం" అని నవ్వి
ఆమె పోయింది.
నిజంగనే పోయింది.

జొన్నరొట్టె, పుంటికూర
ఫైళ్ల నడుమ ఒక్కదాన్నే తిన్న.

తెల్లారి నేనే పోయిన ఆమె కాడికి.
రాత్రంత నేర్సుకున్న వాక్యం
నోట్లెనే ఎండింది.
"మేడం, పుంటికూర" అన్న, డబ్బా మూత తీసి.
"నో నో, ప్లీజ్" అన్నది.

అది ఎన్నో వద్దో
నాకు తెల్వది.
రెక్క వట్టిన.